గుర్రానికి దాణా, మనిషికి ఊరట: బెంగళూరులో థెరపీ గుర్రాన్ని స్పాన్సర్ చేయడం ఎలా?

అలసూరు చెరువు ఒడ్డున మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ కేంద్రం ఉంది. ఆంధ్ర, తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లు ఎందరో అక్కడ శిక్షణ పొంది సైన్యంలోకి వెళ్లారు. సర్వీసు అయిపోయాక కొందరు ఊళ్లకు వెళ్లిపోతే, కొందరు పిల్లల చదువుల కోసం బెంగళూరులోనే ఉండిపోయారు. మన అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా కనిపించే పెద్దాయన ఒకప్పుడు హవల్దారు అయి ఉండొచ్చు. ఆయనకు రాత్రిళ్లు సరిగా నిద్ర పట్టదన్న సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప బయట ఎవరికీ తెలియదు. 108 అంబులెన్స్‌లో తిరిగేవాళ్లు, ఫైరింజన్ మీద పనిచేసేవాళ్లు, ప్రమాదం జరిగిన చోటికి మొదట చేరే కానిస్టేబుళ్ల పరిస్థితీ అదే. చూడకూడనివి చూసి ఇంటికొస్తారు, మర్నాడు మళ్లీ డ్యూటీకి వెళ్తారు.

వీళ్లకు గుర్రాల సాయంతో ఊరట కలిగించే పద్ధతి అమెరికాలో బాగా పాతుకుపోయింది. మన దగ్గర ఈ పని జరగాలంటే మొదట కావలసింది కడుపునిండా తిని, ఒళ్లు నొప్పులు లేకుండా, నెమ్మదిగా నిలబడే గుర్రం. దాన్ని అలా ఉంచడానికి నెలనెలా డబ్బు కావాలి. స్పాన్సర్‌షిప్ అంటే ఆ డబ్బే. గుర్రం సెషన్‌లో నిలబడే గంటకు మాత్రమే ఇచ్చి, అది జబ్బుపడిన వారాన్నీ ముసలిదైన ఏళ్లనూ వదిలేస్తే, ఆ గంట కూడా సరిగా నడవదు. కింద రాసిందంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

డబ్బు ఇచ్చే ముందు పద్ధతి తెలుసుకోండి

గుర్రంతో చికిత్స అనగానే స్వారీ గుర్తొస్తుంది. మొదలైంది అలాగే. డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్ పోలియోతో మోకాళ్ల కింద పట్టు పోయినా 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్ (గుర్రంతో లయబద్ధంగా అడుగులు వేయించే) పోటీలో రజతం గెలిచారు. గుర్రం మీద కూర్చోవడం శరీరానికి మేలు చేస్తుందన్న నమ్మకం ఆ తర్వాత చాలా దేశాలకు పాకింది. 1969లో అమెరికాలో దీనికోసం ఒక సంఘమే పుట్టింది. ఇప్పుడు దాని పేరు పాత్ ఇంటర్నేషనల్.

మాజీ సైనికుల మనసు కోసం చేసే పనిలో మాత్రం చాలాచోట్ల స్వారీ ఉండదు. అంతా నేల మీదే. దూరం నుంచి గుర్రాలను చూడటం, దగ్గరికి వెళ్లడం, బ్రష్ చేయడం, తాడు పట్టుకుని నడిపించడం. పక్కన సైకాలజిస్టు ఉంటారు, గుర్రాన్ని చూసుకునే మనిషి వేరే ఉంటాడు. కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు భయానక అనుభవాల తర్వాత వెంటాడే మానసిక సమస్య పీటీఎస్‌డీతో బాధపడుతున్న 63 మంది మాజీ సైనికులతో, వారానికి ఒకటి చొప్పున 8 సెషన్లు చేయించి 2021లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు సగం మందిలో లక్షణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గాయి. మూడు నెలల తర్వాత చూసినా ఆ మెరుగు నిలిచే ఉంది. అయితే పోల్చడానికి గుర్రాలు లేని మరో బృందం ఆ అధ్యయనంలో లేదు. కాబట్టి ఆశ పెట్టుకోవచ్చు, గ్యారంటీ ఇవ్వలేం. ఎవరైనా మీకు గ్యారంటీ ఇస్తే ఆ సెంటర్‌కు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

గుర్రమే ఎందుకంటే, అది వేటకు గురయ్యే జంతువు. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల ముక్కు ముందు, తోక వెనక ఉన్న కాస్త చోటు తప్ప చుట్టూ దాదాపు అంతా చూస్తుంది. చిన్న అలికిడికి చెవులు తిరుగుతాయి. హోటల్లో గోడకు వీపు ఆనించి, గుమ్మం కనిపించేలా చూసుకుని కూర్చునే మనిషికి ఈ అప్రమత్తత పరాయిది కాదు.

ఊరి బయట ఒక లాయంలో నేను దగ్గరి నుంచి చూసిన సంగతి చెప్తాను. రిటైరైన సుబేదారు ఒకాయన, ప్రకాశం జిల్లా మనిషి, గోధుమరంగు ఆడగుర్రాన్ని తాడు పట్టుకుని నడిపించబోయాడు. పిడికిలి బిగిసి ఉంది, మోచెయ్యి ఒంటికి అతుక్కుని ఉంది. గుర్రం తల పైకెత్తి కదలనంది. ఆయన లాగాడు, అది ఒకడుగు వెనక్కి వేసింది. సైకాలజిస్టు ఏమీ చెప్పలేదు, "ఇప్పుడు మీ చెయ్యి ఎలా ఉంది సార్?" అని మాత్రం అడిగింది. ఆయన చేతిని చూసుకున్నాడు. ఊపిరి వదిలాడు, తాడు సడలింది. గుర్రం మెడ దించి, నోరు నమిలి, ఆయన భుజం పక్కకి వచ్చి నిలబడింది. ఇంట్లో పిల్లలు తన గొంతు వినగానే గదిలోకి ఎందుకు వెళ్లిపోతారో ఆ మధ్యాహ్నం ఆయన తనంతట తానే మాట్లాడాడు. మాట రప్పించింది సైకాలజిస్టు నేర్పు. గుర్రం ఒళ్లు నొప్పితోనో ఆకలితోనో ఉండి ఉంటే ఆమె నేర్పుకు సందే దొరికేది కాదు.

మొదటి అడుగు: సెంటర్‌ను ఎంచుకోవడం

బెంగళూరులో గుర్రపు స్వారీ బడులు ఎక్కువగా ఊరి అంచుల్లో, యలహంక, దేవనహళ్లి వైపు ఉంటాయి. థెరపీ చేసే చోట్ల ఎక్కువమంది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలే కనిపిస్తారు. పెద్దవాళ్లకు, అందునా యూనిఫాం వేసుకున్నవాళ్లకు విడిగా బ్యాచ్ ఉందా అని ముందు అడగండి. లేకపోతే వెనక్కి వచ్చేయకండి. మంచి గుర్రాలు, మంచి మనుషులు ఉన్న చోట కొత్త బ్యాచ్ మొదలుపెట్టించడానికి స్పాన్సరే కారణం కావచ్చు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్, మీ ఏరియా ఫైర్ స్టేషన్ ఆఫీసర్, ఈ ముగ్గురితో సెంటర్ నిర్వాహకులను కూర్చోబెట్టి మాట్లాడించడం మీరు డబ్బుకంటే ముందు చేయగల సాయం.

సైకాలజిస్టు సంగతి గట్టిగా అడగండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబర్ అడిగితే ఇవ్వడానికి నసిగేవాళ్లను నమ్మొద్దు. "మా గుర్రాలే డాక్టర్లు" అనే మాట పోస్టర్ మీద బాగుంటుంది గానీ, సెషన్ మధ్యలో ఒక మనిషికి పాత సంఘటన కళ్లముందుకొచ్చి ఒళ్లు వణికితే పట్టుకోవలసింది మనిషే. అలాంటప్పుడు ఏ ఆసుపత్రికి పంపుతారో కూడా అడగండి. నిమ్హాన్స్ లాంటి పెద్ద మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉన్న ఊళ్లో ఉంటూ ఈ ప్రశ్నకు జవాబు సిద్ధంగా లేదంటే వాళ్లు ఆలోచించలేదనే అర్థం.

మీకు తెలిసినవాళ్లకు ఇప్పుడే సాయం కావాలంటే సెంటర్ దొరికేదాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబర్ 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం. సైనిక కుటుంబాల కోసం పుణె ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీలో దానికి ప్రత్యేక విభాగం కూడా ఉంది.

రెండో అడుగు: గుర్రాన్ని స్వయంగా చూడటం

ఇది ఫొటోలు చూసి చేసే పని కాదు. ఒకసారి చెప్పి వెళ్లండి, ఇంకోసారి ఉదయం దాణా పెట్టే వేళకు చెప్పకుండా వెళ్లండి.

గుర్రం పక్కన, భుజం దగ్గర నిలబడండి, వెనక నుంచి వెళ్లకండి. డొక్క మీద అరచెయ్యి పెట్టి తడమండి. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనబడకూడదు. తర్వాత జీను ఆనే చోట, మెడ ముగిసి వీపు మొదలయ్యే ఎత్తు దగ్గర, వెంట్రుకలు చూడండి. నల్ల గుర్రానికో గోధుమరంగు గుర్రానికో అక్కడ తెల్లటి మచ్చలు ఉంటే ఒకప్పుడు జీను ఒరుసుకుని పుండు పడిందన్నమాట. పాత మచ్చ అయితే తప్పు ఇప్పటి సెంటర్‌ది కాకపోవచ్చు, ఏ జీను వాడుతున్నారో మాత్రం అడగాలి. నోటి మూలలు చిట్లాయా చూడండి, కళ్లెం పట్టే చెయ్యి ఎంత మొరటుదో అవి చెప్తాయి.

గిట్టలు ఎత్తించి చూడండి. సాయిసు (గుర్రాన్ని చూసుకునే పనివాడు) గిట్ట పట్టుకోగానే గుర్రం మామూలుగా కాలు ఇస్తే రోజూ శుభ్రం చేస్తున్నారని అర్థం. అడుగున కుళ్లు వాసన, నల్లటి మెత్తదనం ఉంటే తడిలో నిలబెడుతున్నారు. బెంగళూరు వానాకాలంలో ఇది చాలా త్వరగా వస్తుంది. గిట్టలు చెక్కడం, లాడాలు మార్చడం ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి జరగాలి. చివరిసారి ఎప్పుడు చేశారో రిజిస్టర్‌లో చూపించమనండి.

నీళ్ల తొట్టి తప్పకుండా చూడండి. గుర్రం రోజుకు పాతిక నుంచి యాభై లీటర్ల దాకా తాగుతుంది, ఎండాకాలంలో అంతకన్నా ఎక్కువే. తొట్టిలో నాచు పేరుకుపోయి ఉంటే మిగతా కబుర్లన్నీ పక్కన పెట్టొచ్చు. లాయంలో గది పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు ఉండటం మామూలు లెక్క. దానికి మించి ముఖ్యం, రోజులో కొన్ని గంటలైనా తోటి గుర్రాలతో బయట తిరగనిస్తున్నారా లేదా అన్నది. ఇది మంద జంతువు, ఒంటరిగా కట్టేస్తే చెడిపోతుంది. గడప కొరకడం, అటూ ఇటూ ఊగుతూ నిలబడటం దానికి గుర్తులు.

చివరగా, సెషన్ మొదలయ్యే ముందు గుర్రం ముఖం చూడండి. జనం లోపలికి రాగానే చెవులు వెనక్కి మడిచి తోక విసిరితే దానికి ఆ పని ఇష్టం లేదు. రోజుకు ఎన్ని సెషన్లు చేయిస్తున్నారు, వారంలో సెలవు రోజు ఏది అని అప్పుడే అడగండి.

రేసుల నుంచి వచ్చిన థరోబ్రెడ్ జాతి గుర్రం అయితే ఇంకాస్త ఓపిక పట్టాలి. ఇవి రెండేళ్ల వయసుకే పరుగు మొదలుపెట్టి, నిండు యవ్వనంలోనే రేసులకు దూరమవుతాయి. గుర్రం పాతిక ముప్పై ఏళ్లు బతుకుతుంది. అంటే రేసులు అయిపోయాక దాదాపు ఇరవై ఏళ్ల జీవితం మిగులుతుంది. అలాంటివాటిని కొన్ని నెలలు వదిలేసి, నెమ్మదిగా నడక నేర్పి, అప్పుడు థెరపీకి పనికొస్తుందో లేదో తేల్చాలి. పనికిరాకపోవడం గుర్రం తప్పు కాదు. ఇటువంటి గుర్రాన్ని స్పాన్సర్ చేసేటప్పుడు, శిక్షణ కాలం అంతా ఏ ఫలితమూ కనబడదని ముందే మనసులో పెట్టుకోండి. నా మట్టుకు నాకు, ఒక చోట పనైపోయిన గుర్రం ఇంకొక చోట పనైపోయిందనుకున్న మనిషికి తోడవడం చాలా గొప్ప సంగతి.

మూడో అడుగు: ఖర్చు లెక్క మీరే వేయడం

సెంటర్ ఇచ్చిన నెలవారీ ప్యాకేజీ అంకెను అలాగే ఒప్పుకోకండి. తూకంతో మొదలుపెట్టండి. గుర్రం తన బరువులో దాదాపు రెండు శాతం ఎండుమేత రోజూ తినాలి. 450 కిలోల గుర్రానికి రోజుకు 9 కిలోలు, నెలకు 270 కిలోలు. ఇందులో పెద్ద భాగం గడ్డే కావాలి. పొట్ట ఖాళీగా ఎక్కువసేపు ఉంచితే గుర్రానికి పొట్టలో పుండ్లు, శూల (తీవ్రమైన కడుపునొప్పి) వస్తాయి. దాణాగా ఉలవలు, బార్లీ, ఓట్స్, గోధుమ తవుడు పెడతారు. ఉలవలు మన గుర్రాలకు అలవాటైన తిండే, నానబెట్టో ఉడకబెట్టో ఇస్తారు. మీ దగ్గరి మేత దుకాణంలో గడ్డి, దాణా ధరలు కనుక్కుని నెల ఖర్చు కట్టండి. సెంటర్ అంకెకూ మీ అంకెకూ తేడా ఉంటే అడగండి. మంచి సెంటర్ అయితే సంతోషంగా వివరిస్తుంది.

దీని మీద సాయిసు జీతంలో ఈ గుర్రం వాటా, లాడాల ఖర్చు, వెటర్నరీ డాక్టర్ ఫీజు, నట్టల మందు, ఏటా పళ్ల అంచులు అరగదీయించడం కలపండి. గుర్రం పళ్లు జీవితాంతం పెరుగుతూ అరుగుతుంటాయి, అంచులు పదునెక్కితే బుగ్గలు కోసుకుని మేత మానేస్తుంది. ధనుర్వాతం టీకా తప్పనిసరి, గుర్రాలకు ఆ జబ్బు తేలిగ్గా సోకుతుంది. రేబిస్ టీకా కూడా అడగండి. గ్లాండర్స్ అనే జబ్బు గుర్రం నుంచి మనిషికీ అంటుకోగలదు, పరీక్షలో లేదని తేలిన కాగితం చూడండి. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ పరీక్షలకు దేశంలో పెద్ద దిక్కు.

అన్నిటికంటే ముఖ్యం అత్యవసర నిధి. గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపులో ఏదైనా అడ్డుపడినా, గ్యాస్ పట్టినా బయటికి వచ్చే దారి లేదు. శూల వచ్చిన గుర్రం కింద పడి దొర్లుతుంది, పొట్ట వైపు తిరిగి చూసుకుంటుంది, మేత ముట్టదు. కొన్ని గంటల్లోనే ప్రాణం పోవచ్చు. ఆ రాత్రి డాక్టర్‌ను పిలవడానికి, హెబ్బాళ వెటర్నరీ కాలేజీ దాకా వ్యాన్‌లో తీసుకెళ్లడానికి చందాలు అడుగుతూ కూర్చోకూడదు. కనీసం మూడు నెలల ఖర్చుకు సమానమైన డబ్బు విడిగా ఉంచే సెంటర్‌ను ఎంచుకోండి. లేకపోతే మీ మొదటి చెక్కు ఆ నిధికే రాయండి.

మొత్తం ఒక్కరివల్ల కాదంటే తప్పేమీ లేదు. ఒక ఆఫీసులో పదిమంది కలిసి ఒక గుర్రాన్ని తీసుకోవచ్చు, ఒక కుటుంబం లాడాల ఖర్చు మాత్రం ఏడాది పొడవునా భరించవచ్చు. పుట్టినరోజుకు ఒకసారి పెద్ద మొత్తం ఇచ్చి మర్చిపోవడం కన్నా నెలనెలా తక్కువ ఇవ్వడమే లాయానికి మేలు. మేత రోజూ కావాలి కదా.

నాలుగో అడుగు: కాగితం మీద రాసుకోవడం

రెండు పేజీలు చాలు. గుర్రం పేరు, వయసు, గుర్తులు, యజమాని ఎవరు. నెలకు ఎంత, ఏ ఖర్చుకు. ఎన్ని నెలలకోసారి డాక్టర్ రిపోర్ట్ పంపుతారు. రోజుకు గరిష్ఠంగా ఎన్ని సెషన్లు. గుర్రం జబ్బుపడి పని మానేసిన నెలల్లో కూడా డబ్బు ఆగదని మీరు రాసివ్వాలి. దానికి బదులుగా, గుర్రం ఇక పనికిరానప్పుడు దాన్ని అమ్మబోమని వాళ్లు రాసివ్వాలి. పెళ్లి ఊరేగింపులకు, జట్కాలకు ముసలి గుర్రాలు ఎలా చేరతాయో తెలిసినవాళ్లకు ఈ షరతు విలువ చెప్పనక్కర్లేదు. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని మనవాళ్లు పనికిమాలినవాళ్ల గురించి అంటుంటారు. థెరపీ గుర్రం విషయంలో అదే ఒప్పందంలో మొదటి వాక్యం కావాలి.

ఐదో అడుగు: డబ్బు పంపే దారి

సంస్థ ట్రస్టో సొసైటీనో అయితే దాని రిజిస్ట్రేషన్, 12ఎ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జి (దాతకు పన్ను మినహాయింపు) కాగితాలు చూడండి. నీతి ఆయోగ్ వారి ఎన్జీఓ దర్పణ్‌లో పేరుందో లేదో వెతకండి. పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. రెండు వేలకు మించి నగదు ఇస్తే మినహాయింపు రాదు. గడ్డి మోపులు, దాణా బస్తాలు కొనిస్తే పుణ్యం దక్కుతుంది గానీ పన్ను తగ్గదు, డబ్బు రూపంలో ఇస్తేనే లెక్క. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి కాబట్టి, రసీదు మీద ఏం రాస్తున్నారో మీ ఆడిటర్‌కు ఒకసారి చూపించండి. బదులుగా మీ పిల్లలకు ఉచిత స్వారీ క్లాసులు తీసుకుంటే అది విరాళం కాదు, ఆ ఆశ పెట్టేవాళ్లకు దూరంగా ఉండండి.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తమ్ముడూ చెల్లెలూ డబ్బు పంపుతామంటే పాస్‌పోర్ట్ ఏ దేశానిదో అడగండి. భారత పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారై తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, ఇస్తే అది విదేశీ విరాళమే. సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. మీ ఖాతాలో వేయించుకుని మీరు ఇవ్వడం అనే అడ్డదారి వద్దు, ఆ తప్పు సంస్థ మెడకు చుట్టుకుంటుంది.

వైట్‌ఫీల్డ్, మాన్యత టెక్ పార్క్ కంపెనీల్లో పనిచేసేవాళ్లు తమ సీఎస్ఆర్ (కంపెనీ సామాజిక బాధ్యత) టీమ్‌ను అడగడం మర్చిపోవద్దు. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో మాజీ సైనికుల సంక్షేమం, జంతు సంక్షేమం రెండూ ఉన్నాయి. ఫైర్, అంబులెన్స్ సిబ్బంది కోసమైతే ఆరోగ్యం అనే పద్దు కింద అడగొచ్చు. సంస్థ సీఎస్ఆర్-1 ఫారం నింపి నంబర్ తీసుకుని ఉండాలి.

ఆ తర్వాత

మూడు నెలలకోసారి లాయానికి వెళ్లి రండి. గుర్రాన్ని చూడండి, సాయిసుతో మాట్లాడండి. గుర్రం గురించి అతనికి తెలిసినంత ఆఫీసులో ఎవరికీ తెలియదు. జీతం సమయానికి అందుతోందా అని అడగడం మీ హక్కు.

సెషన్‌లోకి మాత్రం అడుగు పెట్టకండి. ఎవరు వస్తున్నారు, వాళ్లకు ఏం జరిగింది, ఇప్పుడు ఎలా ఉన్నారు అని ఆరా తీయొద్దు. మీ డబ్బుతో బాగుపడిన ఫలానా జవాను ఫొటో, వీడియో కావాలని అడిగితే ఆ మనిషి మళ్లీ రాకపోవచ్చు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు. ఎంతమంది మొదలుపెట్టారు, ఎంతమంది చివరిదాకా వచ్చారు అనే అంకెలు అడగండి, అవి చాలు. మధ్యలో మానేసినవాళ్ల సంఖ్య కూడా చెప్పే సెంటర్ మీద నాకు నమ్మకం ఎక్కువ.

ఉద్యోగం పోయో, ఊరు మారో మీరు స్పాన్సర్‌షిప్ ఆపాల్సి రావచ్చు. అందుకు మొహమాటపడి ఫోన్ ఎత్తడం మానేయకండి. మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పండి, ఈలోపు మీ ఆఫీసులోనో తెలుగు సంఘంలోనో మరొకరిని చూసి సెంటర్‌కు పరిచయం చేయండి. డాక్టర్ రిపోర్టులు, ఒప్పందం కాపీ, ఖర్చుల లెక్క ఒక ఫైల్‌లో పెట్టి వాళ్ల చేతికివ్వండి.